రొట్టె చుట్టిన కాగితం

కుతాయిసీలో తెల్లవారుజామున నాలుగింటికి
నాతోపాటు మేలుకుని ఉండేవి మూడే:
మా తొనే పొయ్యి, రియోనీ నది,
పైగదిలో ఎలిసో దీపం.

సాహిత్యం చదువుతోందట.
మూడు నెలల అద్దె బాకీ.
ఒకరోజు అట్టపెట్టె నిండా కాగితాలు తెచ్చి
గల్లాపెట్టె పక్కన దించింది.
"రొట్టెలు చుట్టుకో పిన్నీ,
రెండో వైపు ఖాళీయే."

ఖాళీ వైపు రొట్టెకు,
సిరా వైపు వీధికి.
అలా చుట్టి అమ్మేదాన్ని.

ప్రతి కాగితం మీదా పైన ఒక పద్యం,
కింద దాని అర్థం.
ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని,
నాకు వింతగా ఉండేది.
రొట్టె అమ్మి, కొన్నవాడి వెంట ఇంటిదాకా వెళ్ళి
ఎలా నమలాలో చెప్పడం కాదూ ఇది?

ఎవరో పాతకాలపు బడిపంతులు రాసుకున్నవట
ఈ నాలుగు ముక్కలు:
*నదికి అవతల దీపం ఉంది*
*నా దగ్గర పడవ లేదు*
*ఉప్పు అయిపోయింది అమ్మా*
*మంచు మాత్రం తెల్లగానే ఉంది.*
దాని కింద ఎలిసో అక్షరాలు, చీమల బారులా:
నది కాలం. దీపం ఆశ.
ఉప్పు కన్నీరు. మంచు మృత్యువు.
పంచాంగం చెప్పినట్టు చెప్పేసింది.

మూడోరోజు పదిహేడో నంబరు వ్యాను డ్రైవరు బద్రీ
ఆ కాగితాన్ని నాలుగు మడతల్లో తెచ్చిచ్చాడు.
మీద జున్ను మరక.
అంచున పెన్సిలుతో, వంకరగా:
"ఉప్పంటే ఉప్పే, పిల్లా.
కరెంటు లేని ఆ చలికాలం
గుప్పెడు ఉప్పుకి మా అమ్మ
పెళ్ళినాటి దుప్పటి ఇచ్చేసింది.
నువ్వప్పటికి పుట్టలేదు."

మెట్ల మీదే నిలబడి చదివింది.
చెవులు ఎర్రబడ్డాయి.
కిందికి దిగి, పిండి తొట్టి పక్కనున్న
ఉప్పుడబ్బాలో వేలు ముంచి
నాలుక మీద పెట్టుకుంది.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
నా మొదటి వాయి ఆలోపే మాడింది.

ఆ మర్నాటి కాగితంలో
ఒక పాదం కింద జానెడు ఖాళీ వదిలింది:
"ఇది నాకు తెలియదు. తెలిసినవాళ్ళు రాయండి."

అప్పట్నుంచి కాగితాలు తిరిగి రావడం మొదలైంది.
ఆసుపత్రి నర్సు ఒకామె
రాత్రి డ్యూటీ దిగి, కళ్ళు మూతలు పడుతున్నా,
ఒక మాటకి పాత అర్థం రాసి పోయింది.
చెప్పులు కుట్టే గివి వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టి
ఒకటి తగ్గిందని తేల్చాడు.
ఎవరో పేరు రాయలేదు,
"చీకటి ఇంటికి వచ్చి బూట్లు విప్పింది" అన్నచోట
గీత గీసి "అవును" అని మాత్రం రాశారు.
ఇంకొకరు, రొట్టె ధర ఎందుకు పెంచారని.
అన్నిటికీ జవాబు రాసింది,
ధరకి తప్ప.

మార్చిలో, మంచు కరిగి
నది బురదరంగుకి తిరిగిన వారం,
దొంతరలో ఒక కాగితం దొరికింది.
పద్యం ఉంది. కింద అర్థం లేదు.
ఎవరు రాశారో లేదు.
పొయ్యిలోకి నడుముదాకా వంగి
గోడకంటిన రొట్టెను పీకే ఒక ఆడమనిషి;
ఆమె ముంజేతి మీద
మాడి బూడిదైన నూగు.

నా చెయ్యి చూసుకున్నాను.

ఆ కాగితంలో రొట్టె చుట్టలేకపోయాను.
పిండిడబ్బా వెనక దాచాను.
రోజూ పొద్దున్నే ఎలిసో అడిగేది,
ఎటో చూస్తూ, జుట్టు ముడి వేసుకుంటూ:
"కాగితాలేమైనా వచ్చాయా పిన్నీ?"
వచ్చినవన్నీ ఇచ్చేదాన్ని.
ఆమె అడిగేది వాటి గురించి కాదని తెలిసీ.

నాలుగు రాత్రులు పట్టింది నాకు.
బద్రీ దగ్గర పెన్సిలు అడిగి తీసుకున్నాను.
రాసి, తుడిచి, పిండి చేత్తో మళ్ళీ రాసి
ఆమె తలుపు సందులోంచి లోపలికి తోశాను:

"నూగు బూడిద కాదు.
చుట్టుకుపోతుంది, వాసనొస్తుంది,
వారంలో మళ్ళీ మొలుస్తుంది.
మిగతాదంతా నిజం.
ఇన్నేళ్ళలో నా వెనక నిలబడి
ఇంతసేపు చూసినవాళ్ళు లేరు.

అద్దె ఇంకా బాకీయే."