కుడి పక్క

ముందు నిజం చెప్పేస్తాను:
బండి నిలబెట్టిన చోట ఒరిగిపోలేదు.
తడి ఆకుల మీద, స్టేషన్ ముందరి మలుపులో
నేనూ అదీ కలిసే పడ్డాం.
గ్దీనియాలో అక్టోబరు వాన అలాంటిది,
వెలిశాక కూడా చక్రాల కింద కురుస్తూనే ఉంటుంది.

నాకు మోచెయ్యి గీరుకుంది. దానికి కుడి పక్కంతా.
పిల్లాడికి మాత్రం "గాలికి పడింది" అన్నాను.

కొత్త ఫెయిరింగ్ ధర అడిగితే
దుకాణం అతను ఓ అంకె చెప్పి,
నా మొహం చూసి, గొంతు తగ్గించి
మళ్ళీ అదే అంకె చెప్పాడు.
రెండు నెలల అద్దె. రంగు ఖర్చు వేరే.

శనివారం సాయంత్రం
వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి
ముక్కలు పేర్చాను. మూడు పెద్దవి, ఏడు చిన్నవి,
ఒకటి దొరకలేదు. అరచేతి మేర ఖాళీ.

కింది అంతస్తు అలోయ్జీ గారు వచ్చారు,
ముప్ఫై ఏళ్ళు ఓడల కడుపులు అతికిన మనిషి.
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
పగులు కొసన వేలు పెట్టి
"ముందు ఇక్కడ ఒక చిల్లి పెట్టు" అన్నారు.
ఉన్నవి చాలక ఇంకోటా?
"పగులు పుకారు లాంటిదమ్మా.
కొస వాడిగా ఉన్నంతసేపూ పాకుతుంది.
గుండ్రటి గోడ తగిలితే ఆగుతుంది.
ఎంత పెద్ద ఓడకైనా ఇదే వైద్యం."

టీ జల్లెడ కత్తిరించి లోపలి వైపు పరిచాను.
సోల్డరింగ్ ఐరన్ మొనతో నొక్కుతుంటే
తీగలు ప్లాస్టిక్‌లోకి దిగాయి
మొండి పిల్లాడు నిద్రలోకి దిగినట్టు.

ఖాళీకి ముద్ద కావాలి.
ఎసిటోన్‌లో కరిగే, అదే జాతి ప్లాస్టిక్.
అది ఇంట్లో ఎక్కడుందో
మాకిద్దరికీ ఒకేసారి తట్టింది.
కయెతన్ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు,
బొమ్మ ఇటుకల డబ్బా కడుపుకి ఆనించుకుని.

బేరం అరగంట సాగింది.
చక్రాలున్నవి ఇవ్వడు. కిటికీలవి అసలే ఇవ్వడు.
కుక్క కొరికినవి తీసుకోవచ్చు.
కోట కూలాక మిగిలినవి కూడా.
"ఇది మాత్రం అరువు" అంటూ ఒక పసుపు పలక.
లెక్క కాగితం మీద రాశాడు: నలభై ఒకటి.
నా చేత సంతకం. అలోయ్జీ గారు సాక్షి.

గాజు సీసాలో రాత్రంతా నానాయి.
ఎరుపు త్వరగా లొంగింది, నీలం మొండికేసింది.
బాల్కనీ తలుపు బార్లా తెరిచి
కోటు వేసుకుని కాపలా కూర్చున్నాను.
"గోళ్ళ రంగు దుకాణం పెట్టావా బోగ్నా?"
పైనుంచి ఎవరో అరిచారు.
తెల్లారేసరికి రంగులన్నీ కలిసి
ఏ పిల్లాడూ కోరి ఎంచుకోని రంగు,
రోడ్డు గుంటలో నిలిచిన నీళ్ళ రంగు.

పూయడం, ఆరడం, కుంగడం, మళ్ళీ పూయడం.
గరుకు కాగితం నూట ఎనభై, నాలుగు వందలు,
ఎనిమిది వందలది నీళ్ళలో తడిపి.
మూడో రాత్రి కళ్ళు మూసుకుని తడిమితే
అతుకు ఎక్కడో వేళ్ళు చెప్పలేకపోయాయి.
కళ్ళు మాత్రం చెప్పేశాయి.
రంగు డబ్బా గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, ఊపి, కొట్టాను.
ఎడమ పక్క ఎరుపు ఇరవై వేసవులు చూసింది,
కుడి పక్కది నిన్నటిది. ఏం చేస్తాం.

తర్వాతి ఆదివారం మరలు బిగిస్తుంటే
వాడు టార్చి పట్టుకుని లోపలికి తొంగి చూశాడు.
అక్కడ రంగు వేయలేదు.
జల్లెడ తీగలు, బూడిద ముద్ద,
అందులో సగమే కరిగిన పసుపు పలక మూల,
దాని మీద చెక్కు చెదరని ఒక్క బొడిపె.

చాలాసేపు చూసి అడిగాడు:
"అమ్మా, గాలికి పడితే
గీతలన్నీ ఒకే దిక్కుకి, అంత పొడుగ్గా ఉంటాయా?"

ఆఖరి మర నా చేతిలో ఉంది.
గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది,
వదులైతే దారంతా గొణుగుతుంది.
"ఉండవు" అన్నాను.
చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి చూపించాను.

టార్చి ఇటు తిరిగింది.
పక్కు కట్టిన చోట అంచు వెంబడి వేలు నడిపాడు,
చిల్లి ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నట్టు.

"నలభై ఒకటి" అన్నాడు.
"మర్చిపోకు."