ఎడమ చెంప

ఓర్వో తన కొట్టులో ముందు నా చెయ్యి చూశాడు,
ఆ తర్వాతే తుపాకి.
"ఎడమచేతి వాటమా?
ఇంకేం, పొగంతా నీకే."

నిజమే. డొల్ల బయటికి దూకే కిటికీ
కుడిచేతి వాళ్ళకి అవతలి గట్టు.
నాకు మాత్రం సరిగ్గా మొహమ్మీద తెరుచుకుంటుంది,
పక్కింటి పొయ్యికి ఎదురుగా
పడగ్గది కిటికీ పెట్టుకున్నట్టు.

సైలెన్సరు కొన్నది చెవుల కోసం.
తౌనో చెవులు నలభై ఏళ్ళ వేటలో పోయాయి,
ఇప్పుడు కెటిల్ ఈల వేస్తుంటే
దాని ఎదురుగానే కూర్చుని పేపరు తిరగేస్తాడు.
నాకా గతి వద్దనుకున్నాను.
విరోలహ్తి చేలల్లోకి సరిహద్దు దాటి అడవిపందులొస్తాయి,
ఏరగా మిగిలిన బంగాళాదుంపల కోసం
మంచు తవ్వుతాయి.
రాత్రిళ్ళు కాపు కాసేది నేనే.

చప్పుడు తగ్గింది, అబద్ధమెందుకు.
రహితుల కుక్క కూడా తలెత్తలేదు.
కానీ మూడో తూటాకి కళ్ళు మండాయి,
నాలుగోది ఎటు పోయిందో
నాకూ తెలీదు, పందికీ తెలీదు.
పాత నాణెం నాకినట్టు నాలుక మీద ఒక రుచి,
మర్నాడు కాఫీలో కూడా.

ఓర్వో సైలెన్సరుని గోటితో తట్టాడు.
"దీని గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.
కక్కలేదు, మింగలేదు.
ముందుకు పోవాల్సిన గాలి వెనక్కి తిరిగి
తలుపు తోస్తోంది.
లోపల ఒత్తిడి ఇంకా చల్లారకముందే
తలుపు తెరుచుకుంటోంది."

కొత్త రకం సైలెన్సరు ఉందట,
లోపలి దారులు మెలికలు తిరిగి
పొగని ముందుకే సాగనంపేది.
ధర చెప్పాడు.
ఉన్నదాన్నే సరిచెయ్యమన్నాను.

కంకర గొయ్యి. చలి సున్నాకి కింద పదకొండు.
గొట్టం మీది చిన్న మరని
ఒక్కో టిక్కు బిగించాడు ఓర్వో,
పులుసులో ఉప్పు చూసే మనిషిలా ప్రతిసారీ ఆగి.
నేను కాల్చడం, ఆయన మంచు చూడడం.
వేడి ఇత్తడి పడ్డచోటల్లా మంచులో ఒక చిన్న బిలం.
మొదటివి ముందుకి, ఒంటిగంట దిక్కున, దూరంగా,
ఎవరో తరిమితే పారిపోయినట్టు.
టిక్కు టిక్కుకీ అవి పక్కకి జరిగాయి,
రెండు, రెండున్నర.
మూడు దాటాక ఆయన గొణుగుడు ఆగింది.

ఇంకొకటి బిగిస్తే
ఆఖరి తూటా తర్వాత బోల్టు
వెనక నిలబడనని మొరాయించింది.
"మరీ మాడ్చకూడదు" అని
రెండు టిక్కులు వదులు చేశాడు.
ఒకటి గట్టి చలికి,
ఒకటి నువ్వు బద్ధకించి తుడవని రోజులకి, అన్నాడు
నా వైపు చూడకుండా.

తర్వాత బట్టు లోపల ఇంకాస్త బరువున్న దిమ్మ పెట్టాడు,
తొందరపడే దూడ మెడకి గుదికర్ర కట్టినట్టు.
వెనక పిడి దగ్గరి సందుకి
స్నానాలగది పలకలకి పూసే సిలికాన్ ఒక గీత.
"పూర్తిగా పోదు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.
నలభై యూరోలు, ఒక రొట్టె.

ఆ శుక్రవారం చేలో
ఒక ముసలి పంది, ఒంటరిది.
ఇంటికొచ్చేసరికి రెండు దాటింది.
తౌనో వంటింట్లో మేలుకునే ఉన్నాడు.
ఈ చలికాలమంతా అతను
నా తుపాకిని నా కళ్ళలోనే విన్నాడు.
ఎర్రగా ఉంటే కాల్చినట్టు,
నీళ్ళు కారితే ఎక్కువ కాల్చినట్టు.
దీపం దగ్గరికి రమ్మన్నాడు.
చూశాడు. మళ్ళీ చూశాడు.
"రాలేదా ఇవాళ?"

నేను తలూపలేదు, అడ్డంగానూ ఆడించలేదు.
లేచొచ్చి నా ఎడమ చెంపకి ముక్కు ఆనించి
గట్టిగా పీల్చాడు.
"ఒకటి" అన్నాడు, గర్వంగా.

రెండు.
నేను దిద్దలేదు.