పది పలుకుతోంది

సోమవారం, రెండో పీరియడు, కోసిగి హైస్కూలు.
రిజిస్టరు ప్రకారం తొమ్మిదో తరగతి ముప్పైనాలుగు మంది.
పదకొండు కంప్యూటర్ల ముందు
ముగ్గురు ముగ్గురుగా ఒరుసుకొని కూర్చున్నారు.
నిలబడినోళ్ళు ఎవరూ లేరు.
పేజీ తెరుచుకోలేదు.
తెర నడుమ చిన్న గుండ్రం
గానుగెద్దు మాదిరి తిరిగి తిరిగి
ఆఖరికి అలిసి, తెల్లగా నిలబడిపోయింది.

"సర్వరు సచ్చిపోయింది సార్" అన్నాడు గిడ్డయ్య.
చావలేదు.
స్టోర్ రూములో, చిరిగిన మ్యాపుల పక్కన
ఫ్యాను గరగరలాడిస్తా బతికే ఉంది.
దాని ముందరే కూర్చొని దాన్నే అడిగితే
పేజీలన్నీ విప్పి చూపించింది.
ఇంట్లో బాగానే మాట్లాడుతుంది,
గడప దాటితేనే ఎవరికీ వినపడదు.

వైరు చూసినాం. ఎలుక కొరకలేదు.
స్విచ్చు చూసినాం. పచ్చ దీపాలు మినుకుమంటున్నాయి.
క్లిప్పు విరిగిన పిన్నుకు అగ్గిపుల్ల చెక్కి బిగించినాం.
ఆపి, ఇరవై దాకా లెక్కబెట్టి, మళ్ళీ వేసినాం.
లెక్కల సారును నేను,
కంప్యూటర్లలో నాకు తెలిసిన మంత్రం అదొక్కటే.
పారలేదు.

"పింగ్ అంటే ఏమి సార్?" మౌలాబీ అడిగింది.
హాజరు పిలవడమమ్మా.
నంబరు పిలుస్తాం. ఉంటే పలుకుతుంది.
"పది" అని పిలిచినాను.
పలికింది.
నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ
ఉన్నాను సార్, ఉన్నాను సార్.
ఉంటే మరి పేజీ ఏదీ?

అన్నం బెల్లు కొట్టినారు. ఎవరూ లేవలేదు.
ఏమీ తోచక, సర్వరు వెనక వైరు పీకేసినాను.
పీకిన వైరు ఇంకా నా చేతిలోనే ఉంది,
పక్క గదిలోంచి గిడ్డయ్య కేక:
"సార్, పది ఇంకా పలుకుతోంది!"

రేకుల కింద అంత ఉడుకులోనూ
వీపు మీద సన్నగా చలి పాకింది.

వెదికితే దొరికింది.
హెడ్మాస్టరు గది గోడకు శనివారం బిగించిన
వేలిముద్రల యంత్రం.
బిగించను వచ్చిన పిల్లోడు
తోచిన నంబరు పెట్టి బస్సుకు టైమైందని పోయినాడు.
తోచిన నంబరు పది.
రోజూ మేము బొటనవేలు ఆనించి
ఉన్నామని చెప్పుకోవాల్సిన యంత్రమే
ఇంకొకరి పేరుకు తాను పలుకుతోంది.

"ప్రాక్సీ!" అని గిడ్డయ్య నవ్వినాడు.
తోడు నవ్వినోళ్ళు లేరు.
మౌలాబీ గోరు కొరుక్కుంటా నేల చూసింది.

యంత్రానికి రెండు వందల నలభై ఇచ్చి
పక్కకు జరిపినాం. అంతే.
పేజీలు వచ్చినాయి,
పిల్లలు నెలనెలా రాసుకున్నవి, వరుసగా.
అట్టడుగున ఉరుకుందమ్మది:
"మా ఎద్దులలో ఒకటి ఎడమకు లాగుతాది.
దానికి పేరు పెట్టలేదు. మిగతాది రేపు రాస్తాను."
తేదీ, నవంబరు పన్నెండు.

ఇప్పుడు ఫిబ్రవరి.

రిజిస్టరు తెరిచినాను.
పదిహేడో నంబరు గడులన్నిటిలో
నా చేత్తో, నా సిరాతో, ప్రతిరోజూ ఉంది.
పిలిచినాను, పలికింది, గీత గీసినాను.
తల ఎత్తింది లేదు.
పదకొండు మూళ్ళు ముప్పైమూడు.
లెక్కల సారును నేను.

సుగ్గికి పోయినోళ్ళ పిల్ల.
బియ్యం మూట, గిన్నెలు, రెండు కోళ్ళతో సహా
కోసిగి స్టేషన్లో రైలెక్కి ఉంటారు.
గుంటూరు కాడ ఏ మిరపచేలోనో
చేత్తో కండ్లు తుడుచుకోకూడదని నేర్చుకొని
మోచేత్తో తుడుచుకుంటా ఉంటుంది.

ఎవరు పలికినారని నేను అడగలేదు.
హాజరు తగ్గితే పేరు కొట్టేస్తారని
ఆ గొంతుకు తెలుసు.
నాకు ఇంకా బాగా తెలుసు.
ఆమెకు ఇంకో నంబరిచ్చి జరపడానికి
నా దగ్గర ఏ తెరా లేదు.

మంగళవారం పొద్దున.
పదహారు. ఉన్నాను సార్.
పదిహేడు.
ఈసారి తల ఎత్తినాను.
మౌలాబీ నోరు తెరిచి, నన్ను చూసి,
మూసుకుంది.

పెన్ను గడి మీద ఆగింది.
రెండోసారి పిలిచినాను, మెల్లగా,
గుంటూరు దాకా వైరు ఉన్నట్టు.

పింగ్ నాలుగుసార్లు పిలుస్తుంది.
ఇంకా రెండు ఉన్నాయి.