గ్లవ్ మోడ్

మూసాపేట, మెట్రో పిల్లర్ పక్క సందు.
నా దుకాణం ఆరడుగుల పొడుగు,
అభిప్రాయాలు మాత్రం రోజుకు అరవై.

నేను ఫోన్ ఇప్పుడు మొదలుపెడితే
జనం నోళ్లు ఇప్పుతరు.
"ఎనకటి ఫోన్లు గోడకేసి కొట్టినా పలికేటియి."
"పిల్లలు గేములాడి ఖరాబైతున్నరు మేడం,"
అనుకుంటనే రీల్స్ జరుపుతుంటడు పెద్దాయన.
నాకూ ఒకటుంది, ఎవరడుగుతరు:
బ్యాటరీని బంకతోటి అంటబెట్టినోని ఇంటి తలుపుకు
గొళ్లెం బదులు బంకే పెట్టాలె.
పొద్దుగాల లేచి హెయిర్ డ్రయ్యర్‌తోటి తీసుకోని బయటికి రావాలె వాడు.

ఎల్లేశు ఏమనడు.
కైత్లాపూర్ దిక్కు అపార్ట్‌మెంటు సెల్లార్ల
ఇస్త్రీ బల్ల ఆయనది.
పోయిన ఎండకాలం వచ్చి ఫోన్ ముందల పెట్టిండు:
"అక్కా, ఇది నన్ను గుర్తుపడ్తలేదు."
బొటనవేలు చూపిచ్చిండు.
ఇరవై ఏండ్ల ఇస్త్రీపెట్టె
వేలి గీతలన్నీ సాపు జేసింది,
ఒక్క మడత లేకుంట.
రేషన్ దుకాణంల గూడ గంతేనట.
మిషన్ ఒద్దంటది, ఎనక లైను గునుగుతది,
ఆఖరికి పెండ్లాం వచ్చి వేలు పెట్టాలె.

అంకెల తాళం పెట్టిచ్చిన.
"అది గాదక్కా. గేముల తుపాకి పేలుతలేదు.
ఒకపారి ఒత్తితే పలుకుతది, ఒకపారి పలుకది."
నవ్వొచ్చింది, ఆపుకున్న. నలభై ఆరేండ్ల మనిషి.
సెట్టింగ్స్ లోపలికి, ఇంకా లోపలికి పోయి
గ్లవ్ మోడ్ ఆన్ జేసిన.
చలిదేశాలల్ల చేతికి తొడుగేసుకునేటోళ్ల కోసం పెట్టిండ్రు దాన్ని.
ఈయన తొడుగు చర్మంలనే ఉన్నది.

ఆ అపార్ట్‌మెంటుల రెండు లిఫ్టులు.
ఒకదానికి కాయితం అంటుబెట్టిండ్రు:
పనివాళ్లు, డెలివరీ వాళ్లు వాడరాదు.
రెండోది ఖరాబై నెల.
తొమ్మిదంతస్తులు మెట్లెక్కి మూట ఇస్తడు ఎల్లేశు.
తలుపు దీసిన నిశ్చల్, పదో క్లాసు పిల్లగాడు,
చెవుల్ల ఇయర్‌ఫోన్స్ తియ్యకుంటనే "ఎంత?" అంటడు.
రాత్రయితే గదే గొంతు:
"భాయ్, వదిలేసి పోకు, గోడ వెనకున్నా, ఇంకో దెబ్బకి పోతా."
ఈయన మళ్లుతడు. తుపాకులకు ఎదురు పోతడు.

"నువ్వని వానికి తెలుసా అన్నా?"
"నాకు తెలుసు," అన్నడు.
జర సేపాగి,
"నూట నలభై అని చెప్పేటప్పుడు
గొంతు మార్చి చెప్తనక్కా."

మొన్న శనివారం నిశ్చల్ వాళ్లమ్మ వచ్చింది.
"గేమ్ తీసెయ్యండి. మళ్లీ ఎక్కకుండా తీసెయ్యండి.
రాత్రి పన్నెండు దాకా ఎవడితోనో మాటలు,
ఎలాంటి వాడో ఏమో, ఏ బస్తీ వాడో."
తెరిచి చూసిన.
జతగాని పేరు సెల్లార్ సింహం.
కలిసి గెలిచిన ఆటలు రెండువందల పదకొండు.
ఆమె కట్టుకున్నది గంజి చీర,
కుచ్చిళ్లు కత్తి అంచోలె నిలబడ్డయి.
ఆ కుచ్చిళ్ల దిక్కు జూసుకుంట కూసున్న.
చెప్పొచ్చు. చెప్తే ఏమైతదో గూడ తెలుసు,
సెల్లార్ల బల్ల ఉండది.
తీసేసిన.
రెండువందలిచ్చింది, తీసుకున్న.

నిన్న మబ్బుల షట్టర్ లేపంగనే ఎల్లేశు.
బొగ్గు వాసన, బట్టల ఆవిరి వాసన.
"నా ఫోన్ల ఏమన్న తప్పున్నదా అక్కా?
నాలుగు దినాలాయె,
వాని పేరు పక్కన చుక్క పచ్చగైతలేదు."

ఫోన్ తీసుకున్న.
ఎనక మూత ఇప్పిన, బ్రష్‌తోటి దులిపిన,
ఛార్జింగ్ రంధ్రంల నోటితోటి ఊదిన.
అన్నీ మంచిగనే ఉన్నయి.
ఉన్నయని చెప్పలేక
ఇంకోపారి ఊదిన.