నగరంలో రెండు రాత్రులు

కళింగనగరం చూపిస్తానని తీసుకొచ్చాను.
ముఖలింగంలో ఆటో దిగగానే
"నగరమేదమ్మా?" అంది కుందన.
ఎండబోసిన చోళ్ళ మీంచి
కోడి ఒకటి తీరిగ్గా నడిచిపోయింది.

దాలమ్మ గారింట్లో గది.
ఉన్నది ఒకటే దోమతెర,
ముగ్గురం వల్లో చేపల్లా సర్దుకున్నాం.

రాత్రి రెండింటికి లోహిత్‌కి కడుపునొప్పి.
గంగరాజుల రాజధానిలో
గుప్పెడు వాము కోసం తలుపులు తట్టాను.
మూడోది తెరుచుకుంది.
"గుంటడికేటయినాది?"
దీపం కన్నా ముందు
ఒక ముసలి చెయ్యి బయటికొచ్చింది.

తెల్లారి పెరట్లో
అంట్లు తోమే రాతి మీద పాకుడు గీకుతూ
"అమ్మా, దీనికి పట్టీలున్నాయి!" అని అరిచాడు.
నిజమే, ఆడమనిషి పాదం.
మిగతా ఆమె ఏ గోడలో ఉందో.
వాడు కొబ్బరిపీచు తీసుకుని
ఒక్కో వేలూ తోమాడు,
చక్కిలిగింత పెట్టకుండా.

"నాగలి దించితే సాలు, ఇటికిలే" అంది దాలమ్మ,
నూకల జావ పోస్తూ,
అదో పెద్ద సంగతి కానట్టు.

తిరుగు బస్సు వంశధార దాటేదాకా
కుందన కాళ్ళు సీటు మీదే ముడుచుకుంది.
దించమంటే వినదు.
కింద ఎవరైనా పడుకుని ఉంటారట.