కడుపు వైపు

బలుసుతిప్ప అంగన్‌వాడీకి
కొత్త ట్యాబ్ వచ్చింది, అట్టపెట్టె వాసనతో.
పద్నాలుగుమంది పిల్లలు, ఒక్క తెర.
వేళ్ళకంటిన ఉప్మా
గౌనుకి తుడుచుకుని మరీ ముట్టుకుంటున్నారు.

తెర మీద ఎర్రటి పీత నవ్వుతోంది.
పీతకి పళ్ళు కూడా వేశారు.
"ఇది ఏమిటి?" అంటుంది లోపలి గొంతు,
ఏ ఊరిదో తెలియని తెలుగులో.
"మండపీత" అంది ఓలేటి ధనకొండ, నాలుగేళ్ళది.
"మళ్ళీ ప్రయత్నించు."
"మండపీతేనండీ."
"మళ్ళీ ప్రయత్నించు."

ధనకొండ ట్యాబ్‌ని తలకిందులు చేసింది.
పక్కకి వంచింది.
ఎటు తిప్పినా బొమ్మ గిర్రున తిరిగి
కాళ్ళ మీదే నిలబడుతోంది.
"కడుపు చూపించదేటండీ ఇది?
ఆడదో మగదో ఎలా తెలుత్తదండీ?"

మర్నాడు వాళ్ళమ్మ మడ అడవికి పోతూ
డెక్కలు కట్టేసిన పీతనొకదాన్ని
స్టీలు క్యానులో ఇచ్చి వెళ్ళింది.
పలక మీద వెల్లకిలా పెట్టి
ధనకొండ వేలితో గీసి చూపించింది.
కోసుగా ఉంటే మగది.
గుండ్రంగా ఉంటే ఆడది.
గుడ్లుంటే మా నాన్న ఏట్లో వదిలేత్తాడు.

నెలంతా అట్టముక్కలు పట్టుకుని
నేను చెప్పలేకపోయిన పాఠం అది.

ఫొటో తీశాను.
దాని కింద ధనకొండ గొంతు నింపాను,
వెనకాల పడవ ఇంజను,
పీత నోటి బుడగల చిటపట.

నెలాఖరు నివేదికలో
"ఆకారాల గుర్తింపు" ఎదురుగా
టిక్కు పెట్టాను.
"జంతువుల పేర్లు" గడిలో మాత్రం
నన్నడక్కుండానే యాప్ రాసేసుకుంది:
ఇంకా రాలేదు.