పలకలు మార్చే రాత్రి

నూనె తేలుతుంది కదప్పా, అన్నాడు
కొత్తగా డ్యూటీలో చేరిన ఎల్లాజీ.
తేలే నూనెతో తగువు లేదురా,
చేటతో తీసినట్టు తీసి పీపాలో పోస్తాం.
నీళ్లలో నలిగి నలిగి, నేనూ నీళ్లనే అని బొంకే నూనె,
దానికోసమే మనకీ రాత్రి జీతం.

మింది దాటాక గోడవార మా షెడ్డు.
తొట్టిలోకి దిగిన నీళ్లు
బియ్యం కడుగులా తెల్లగా, అమాయకంగా ఉంటాయి.
ముక్కుకు తెలుసు. కంటికి తెలీదు.

స్విచ్ వేశాను.
పన్నెండు అల్యూమినియం పలకలు
మెడదాకా మునిగి నిలబడ్డాయి.
ముల్లు అరవై దగ్గర ఆగింది.
చాలాసేపు ఏమీ లేదు.
ఎల్లాజీ ఆవలించాడు.

తరవాత సన్నగా, ఎసరు కాగబోయే ముందు
గిన్నె అడుగున మొదలయ్యే గుసగుస.
కరిగిన లోహం చుక్కకీ చుక్కకీ చెయ్యందించి ముద్ద కడితే
బుడగలు ఆ ముద్దల్ని భుజానికెత్తుకుని
పైకి, పైకి.
తొట్టి మీద బూడిదరంగు మీగడ.

ఇవాళ పాత పలకలు తీసి తూచాను.
వచ్చినప్పుడు మూడేసి కిలోలు,
ఇప్పుడు కిలోంబావు, చిల్లులు పడి,
చెద తిన్న పంచాంగంలా.
మిగతా బరువు ఏమైందమ్మా? స్టోర్సు బెహరా గారి ప్రశ్న.
రిజిస్టరులో రాయాలట.
"నీళ్లలోకి" అని రాశాను.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి
"అరుగుదల" అని దిద్దారు.

మడ్డి సంచులు మంగళవారం లారీ ఎక్కుతాయి.
ఎక్కడికో నేనడగలేదు.
అడగాలి.

తెల్లారుజామున
గాజు గ్లాసు నిండా శుద్ధి నీళ్లు పట్టి
యారాడ కొండ మీది లైటుకేసి ఎత్తాను.
దీపం కనిపించింది, కొంచెం వణుకుతూ.
వణికింది నీళ్లో, నా చెయ్యో.

మా అయ్య ఒకనాడు
తన వలలో పడ్డ కవళ్ల కూర కలుపుకుని
మొదటి ముద్ద నోట్లో పెట్టి, నమలకుండా ఆగిపోయాడు.
"కిరసనాయిలు," అన్నాడు.
అంతే. అమ్మ చూస్తోందని
కంచం ఖాళీ చేశాడు.

గేటు వాల్వు మీద చెయ్యేసి
గెడ్డలోకి వదిలీమంటావా అప్పా, అంటున్నాడు ఎల్లాజీ.

ఆగు.
ఇంకో పావుగంట
పారనీ కరెంటు.